హోసూరు, కృష్ణగిరి ప్రాంతాల నుండి విమాన ప్రయాణం: గగనతల దూరం, ఇంటి నుండి పట్టే కాలం

హైదరాబాదులోని బంధువుల ఇంటికి గాని, దుబాయిలోని కుమారుని వద్దకు గాని బయలుదేరే సరిహద్దు గ్రామాల కుటుంబాలు మొదట అడిగే ప్రశ్న ఒక్కటే: విమానంలో ఎంతసేపు పడుతుంది? బెంగళూరు నుండి హైదరాబాదుకు గంటా పదిహేను నిమిషాలు అని జవాబు వస్తుంది. ఆ జవాబు తప్పు కాదు. అయితే అది దేవనహళ్లి విమానాశ్రయంలో నిలబడి ఉన్నవారికి చెందిన జవాబు. శూలగిరిలోనో వేపనపల్లిలోనో ఇంటి గడప దాటుతున్నవారికి అది సగం కూడా కాదు. ఈ లెక్కలో పొరపాటు పడినందువల్ల విమానం తప్పిపోయి, టికెట్టు డబ్బు పోగొట్టుకొన్న కుటుంబాలు మన తాలూకాలలో తక్కువేమీ కాదు. కావున ఆకాశంలోని దూరమెంత, నేలమీది కాలమెంత అన్న వివరాలను ఈ వ్యాసంలో పొందుపరుస్తున్నాము.

దూరాన్ని కొలిచే పద్ధతి

రెండు విమానాశ్రయాల మధ్య చెప్పే దూరాన్ని గగనతల దూరం అంటారు. భూమి గుండ్రనిది గనుక ఇది పటంపై స్కేలు పెట్టి గీసిన గీత కాదు. గుమ్మడికాయపై రెండు చోట్ల చుక్కలు పెట్టి, వాటి మధ్య దారాన్ని బిగించి లాగినప్పుడు దారం ఏ మార్గంలో నిలుస్తుందో అదే అతి దగ్గరి మార్గం. విమానయాన రంగంలో ఈ దూరాన్ని నాటికల్ మైళ్లలో లెక్కిస్తారు. ఒక నాటికల్ మైలు 1.852 కి.మీ.కు సమానం. ఒకే ప్రయాణానికి ఒకచోట 456 అనీ, మరొకచోట 246 అనీ కనిపిస్తే కంగారు పడనవసరం లేదు. మొదటిది కిలోమీటర్లు, రెండవది నాటికల్ మైళ్లు.

దేవనహళ్లిలోని కెంపేగౌడ అంతర్జాతీయ విమానాశ్రయం నుండి గగనతల దూరాలు సుమారుగా ఇలా ఉన్నాయి: హైదరాబాదు (శంషాబాదు) 456 కి.మీ., చెన్నై 268 కి.మీ., తిరుపతి (రేణిగుంట) 204 కి.మీ., విజయవాడ (గన్నవరం) 498 కి.మీ., విశాఖపట్నం 776 కి.మీ., దుబాయి 2,694 కి.మీ.

పెద్ద విమానం పైకి చేరిన తరువాత గంటకు 800 కి.మీ. పైబడిన వేగంతో పోతుంది. ఆ లెక్కన హైదరాబాదుకు 35 నిమిషాలు చాలాలి. టికెట్టుపై గంటా పదిహేను నిమిషాలని ఎందుకుంటుంది? టికెట్టుపై చూపే కాలం విమానం తన నిలుపు స్థలం నుండి కదిలిన క్షణం మొదలు, అవతల నిలుపు స్థలంలో ఆగే క్షణం వరకు లెక్క. రన్‌వే వరకు నేలమీద పోవడం, తన వంతు కోసం ఆగడం, ఎత్తుకు ఎక్కడం, దిగడం, దిగిన తరువాత మళ్లీ నేలమీద తిరగడం, ఇవన్నీ అందులోనివే. దూరం తక్కువైనకొద్దీ ఈ అదనపు కాలం పాలు పెరుగుతుంది. చెన్నై దూరం హైదరాబాదు దూరంలో సుమారు ఆరు పదుల శాతమే అయినా, కాలం మాత్రం ఇంచుమించు గంట పడుతుంది. సేలం వంటి చిన్న విమానాశ్రయాలకు నడిచే ఏటీఆర్ విమానాల వేగం గంటకు 500 కి.మీ. ప్రాంతంలోనే ఉంటుంది. వాటికి ఇంకొంచెం ఎక్కువ కాలం చేర్చుకోవాలి.

2008లో వచ్చిన మార్పు

ఇక్కడ ఒక విచిత్రమైన సంగతి ఉన్నది. 2008 వరకు బెంగళూరు ప్రయాణికుల విమానాశ్రయం నగరానికి తూర్పున, హెచ్.ఏ.ఎల్. వారి స్థలంలో ఉండేది. హైదరాబాదు విమానాశ్రయం బేగంపేటలో, నగరం నడుమ ఉండేది. 2008 మార్చి 23న బేగంపేట నుండి శంషాబాదుకు, అదే ఏడాది మే 24న హెచ్.ఏ.ఎల్. నుండి దేవనహళ్లికి విమానాలు తరలిపోయాయి. రెండు నెలల వ్యవధిలో ఈ కొస ఉత్తరానికి, ఆ కొస దక్షిణానికి జరిగాయి. అనగా రెండూ ఒకదానికొకటి చేరువైనాయి. హెచ్.ఏ.ఎల్., బేగంపేటల మధ్య గగనతల దూరం సుమారు 508 కి.మీ. దేవనహళ్లి, శంషాబాదుల మధ్య 456 కి.మీ. ఆకాశంలో 50 కి.మీ. తగ్గింది.

మరి హోసూరు కుటుంబానికి ప్రయాణం తగ్గిందా? లేదు, పెరిగింది. హోసూరు నుండి హెచ్.ఏ.ఎల్. విమానాశ్రయం గగనతల దూరంలో 29 కి.మీ. ఉండేది. దేవనహళ్లి 52 కి.మీ. రోడ్డుపై చూస్తే 40 కి.మీ. లోపుది 75, 80 కి.మీ. అయింది. పైగా నగరాన్ని ఈ చివర నుండి ఆ చివర దాకా దాటవలసి వచ్చింది. విమానానికి మిగిలినది నాలుగైదు నిమిషాలు. కారుకు, బస్సుకు అదనంగా పడినది గంటకు పైమాట. ఆ ఏడాది నగరానికి ఉత్తరాన ఉన్న చిక్కబళ్లాపురం, హిందూపురం వారికి కలిగిన మేలు మన వైపుకు రాలేదు.

మన ఊళ్ల నుండి దేవనహళ్లికి

హోసూరు నుండి వాహనాలు సాధారణంగా అత్తిబెలె, ఎలక్ట్రానిక్ సిటీ, సిల్క్ బోర్డు, హెబ్బాళ మీదుగా పోతాయి. ఎలక్ట్రానిక్ సిటీ పైవంతెన దారి 2010లో తెరచిన తరువాత సిల్క్ బోర్డు వరకు పోవడం సులువైంది. కష్టం అక్కడి నుండి మొదలవుతుంది. రాత్రి రెండు గంటలకు బయలుదేరితే గంటన్నరలో దేవనహళ్లి చేరవచ్చు. ఉదయం ఎనిమిదికో సాయంత్రం ఐదుకో బయలుదేరినవారు రెండున్నర నుండి మూడు గంటలు ఉంచుకోవాలి. వాన పడితే అది కూడా చాలదు. కృష్ణగిరి వారు దీనికి మరో 50 కి.మీ., అనగా ఒక గంట కలుపుకోవాలి. కృష్ణగిరికి దేవనహళ్లి గగనతల దూరం 93 కి.మీ. మాత్రమే. రోడ్డు దూరం 130 కి.మీ. దాకా వస్తుంది.

సొంత వాహనం లేనివారు బస్సులో ఎలక్ట్రానిక్ సిటీ వరకు వచ్చి, అక్కడ బెంగళూరు నగర రవాణా సంస్థ వారి వాయు వజ్ర బస్సు ఎక్కవచ్చు. 2025 ఆగస్టు 10న బొమ్మసంద్ర నుండి ఆర్.వి. రోడ్డు వరకు మెట్రో పసుపు మార్గం ప్రారంభమైంది. బొమ్మసంద్ర హోసూరు రోడ్డు మీదనే ఉన్నది గనుక నగరంలో పని ఉన్నవారికి అది మంచి వసతి. కాని ఆ మార్గం విమానాశ్రయానికి పోదు. మెట్రో ఎక్కితే విమానాశ్రయం చేరినట్లే అనుకొని పెద్ద పెట్టెలతో బయలుదేరరాదు.

బాగలూరు, బేరికె వైపు వారికి మరొక దారి ఉన్నది. మాలూరు, హొసకోట మీదుగా పోతే నగరంలో అడుగు పెట్టనవసరం లేదు. కిలోమీటర్లు కొంత పెరిగినా, పగటిపూట కాలం నమ్మకంగా లెక్క వేసుకోవచ్చు. ప్రయాణంలో తక్కువ కాలం కన్నా తప్పని కాలం మేలు అన్నది మా అభిప్రాయం. దొబ్బస్‌పేట, దొడ్డబళ్లాపురం, హొసకోటలను కలిపే ఉపనగర వలయ రహదారి భాగం 2024 మార్చిలో ప్రారంభమైనందున హొసకోటకు ఆవలి ప్రయాణం మెరుగుపడింది. ఈ వలయం హోసూరు వైపు కూడా పూర్తయితే మన ప్రాంతానికి నిజమైన మేలు కలుగుతుంది.

దేవనహళ్లి చేరిన తరువాత ఏ టెర్మినల్ అన్నది చూసుకోవాలి. 2023 సెప్టెంబరు నుండి విదేశీ విమానాలన్నీ రెండవ టెర్మినల్‌కు మారాయి. దేశీయ విమానాలు సంస్థను బట్టి రెండింటిలోనూ ఉంటాయి. టికెట్టుపై టి1, టి2 అని ముద్రించి ఉంటుంది. దేశంలోని ప్రయాణానికి రెండు గంటల ముందు, విదేశాలకు మూడు గంటల ముందు చేరాలన్న నియమం ఊరికే పెట్టినది కాదు. లగేజీ తీసుకొనే కౌంటరును సాధారణంగా విమానం బయలుదేరడానికి గంట ముందే మూసివేస్తారు. ఎక్కే ద్వారాన్ని దాదాపు అరగంట ముందు మూసివేస్తారు. విమానం పదింటికి అంటే పదింటికి ఎక్కడం కాదు, పదింటికి కదలడం.

ఏ ఊరికి విమానం లాభం, ఏ ఊరికి కాదు

హైదరాబాదు లెక్క చూద్దాము. హోసూరు నుండి పగటిపూట దేవనహళ్లికి మూడు గంటలు, అక్కడ రెండు గంటలు, విమానంలో గంటా పదిహేను నిమిషాలు, పెట్టెల కోసం అరగంట, శంషాబాదు నుండి నగరంలోని ఇంటికి గంట. మొత్తం సుమారు ఏడు గంటల ముప్పావు. రాత్రి బస్సులో పది, పన్నెండు గంటలు పడుతుంది. యశ్వంతపురం నుండి కాచిగూడకు 2023 సెప్టెంబరులో మొదలైన వందే భారత్ రైలుకు ఎనిమిదిన్నర గంటలు, దానికి ముందు యశ్వంతపురం చేరే కాలం అదనం. కావున విమానంతో మూడు నాలుగు గంటలు కలిసివస్తాయి గాని పగలంతా పోతుంది. రాత్రి బస్సులో నిద్రపోయి తెల్లవారి దిగేవారికి పగలు మిగులుతుంది. పెళ్లికి పదిమంది పోయేటప్పుడు బస్సే మేలు. ఆసుపత్రిలో ఉన్నవారిని చూడడానికి, ఆఖరి చూపులకు పోయేటప్పుడు విమానానికి సాటి లేదు. అటువంటి వేళ కూడా తెల్లవారుజాము విమానాన్ని ఎంచుకొంటే దారిలో గంటన్నర మిగులుతుంది.

మరొక సంగతి కూడా గమనించదగినది. కృష్ణగిరి, హోసూరు ఊళ్లను తాకుతూ పోయే 44వ జాతీయ రహదారే దేవనహళ్లి పక్కగా పోయి, అనంతపురం, కర్నూలు దాటి శంషాబాదు పక్కగా హైదరాబాదు చేరుతుంది. రెండు విమానాశ్రయాలూ ఒకే రోడ్డు మీద ఉన్నాయి, ఆ రోడ్డు మన ఊరి మీదుగానే పోతుంది.

చెన్నైకి మాత్రం మన ప్రాంతం నుండి విమానం ఎక్కడం అనవసరమని ఖండితంగా చెప్పవచ్చు. కృష్ణగిరి నుండి చెన్నై రోడ్డున 250 కి.మీ. పైచిలుకు, ఐదు గంటల ప్రయాణం. విమానం ఎక్కాలంటే ముందు వ్యతిరేక దిశలో దేవనహళ్లికి పోయి, అక్కడ వేచి ఉండి, మళ్లీ తూర్పుకు ఎగరాలి. ఏడు గంటలకు తక్కువ కాదు. తిరుపతి సంగతీ అంతే.

ధర్మపురి వైపున్న పల్లెలకు, కావేరిపట్టణం పరిసరాల వారికి సేలం విమానాశ్రయం ఒక వసతి. కృష్ణగిరి నుండి గగనతల దూరం 84 కి.మీ., రోడ్డున వంద కి.మీ. లోపు. దారిలో తొప్పూరు కనుమ తప్ప పెద్ద ఇబ్బంది లేదు, మహానగరం అసలే లేదు. ఉడాన్ పథకం కింద 2018 మార్చిలో అక్కడ చెన్నై విమానం మొదలై, తరువాత నిలిచిపోయి, 2023 అక్టోబరులో బెంగళూరు, కొచ్చి, హైదరాబాదు, చెన్నైలకు మళ్లీ సేవలు ఆరంభమైనాయి. చిన్న విమానాశ్రయాలలో వేళలు, రోజులు తరచుగా మారుతుంటాయి గనుక టికెట్టు కొనే ముందు ఆ వారపు వేళలను విచారించుకోవాలి.

విదేశీ ప్రయాణంలో గడియారం చేసే మోసం

గల్ఫు దేశాలకు పోయేవారి కుటుంబాలు టికెట్టుపై ఉన్న రెండు వేళలను తీసివేసి ప్రయాణ కాలం లెక్క కడుతుంటారు. అది సరికాదు. టికెట్టుపై బయలుదేరే వేళ ఇక్కడి గడియారానిది, చేరే వేళ అక్కడి గడియారానిది. దుబాయి మనకన్నా గంటన్నర వెనుక ఉంటుంది. ఉదయం 10 గంటలకు బయలుదేరి, నాలుగు గంటలు ఎగిరి, అక్కడి 12.30 గంటలకు దిగుతారు. చూడడానికి రెండున్నర గంటలే అనిపిస్తుంది. తిరిగి వచ్చేటప్పుడు అక్కడ 10 గంటలకు బయలుదేరి, మూడున్నర గంటలు ఎగిరినా, ఇక్కడ 3 గంటలవుతుంది. ఐదు గంటలు పట్టినట్లు కనిపిస్తుంది. కువైట్ రెండున్నర గంటలు వెనుక. సింగపూరు, మలేషియా రెండున్నర గంటలు ముందు.

పోయేటప్పటికన్నా వచ్చేటప్పుడు అరగంట తగ్గడానికి కారణం గాలి. పై ఎత్తులలో, ముఖ్యంగా చలికాలంలో, పడమటి నుండి తూర్పుకు బలమైన గాలులు వీస్తాయి. దుబాయి నుండి వచ్చే విమానాన్ని అవి వెనుక నుండి నెడతాయి. దూరం మారదు, కాలం మారుతుంది. ఒక్కొక్కప్పుడు మార్గం కూడా మారుతుంది. శాన్‌ఫ్రాన్సిస్కో నుండి బెంగళూరుకు 2021 జనవరిలో ఎయిర్ ఇండియా తొలి విమానం మహిళా పైలట్ల చేతుల మీదుగా ఉత్తర ధ్రువం మీదుగా వచ్చింది. ఆ రెండు ఊళ్ల మధ్య గగనతల దూరం దాదాపు 14,000 కి.మీ. పటం చూస్తే పసిఫిక్ మీదుగా రావాలనిపిస్తుంది. గుమ్మడికాయపై దారం లాగి చూసినవారికి ఉత్తరపు దారి ఎందుకో తెలుస్తుంది.

ఇంకొక జాగ్రత్త చెప్పక తప్పదు. గల్ఫు విమానాలు చాలావరకు అర్ధరాత్రి దాటిన తరువాత బయలుదేరుతాయి. టికెట్టుపై 15వ తేదీ 00.40 అని ఉంటే, 14వ తేదీ రాత్రి తొమ్మిదిన్నరకు విమానాశ్రయంలో ఉండాలి. కృష్ణగిరి నుండి అయితే 14వ తేదీ సాయంత్రం ఐదుకే బయలుదేరాలి. 15వ తేదీ రాత్రి పోవచ్చుననుకొంటే విమానం ఇరవైనాలుగు గంటల కిందటే వెళ్లిపోయి ఉంటుంది. పెద్దవారికి టికెట్టు తీసి పంపే పిల్లలు ఈ ఒక్క మాటను ఫోనులో రెండుసార్లు చెప్పాలి.

150 కి.మీ. వలయం

హోసూరులోనే విమానాశ్రయం ఉంటే ఈ లెక్కలన్నీ ఎందుకు? నిజానికి హోసూరు దగ్గర బెళగొండపల్లిలో తనేజా ఏరోస్పేస్ సంస్థ వారి రన్‌వే ఉన్నది. పొడవు 7,012 అడుగులు. విమానాల తయారీ, మరమ్మతుల కోసం ఏర్పాటైనది. 2017లో ఉడాన్ పథకం తొలి విడతలో సేలం, నైవేలితో పాటు హోసూరు పేరు కూడా వచ్చింది. సేలంలో విమానం దిగింది, హోసూరులో దిగలేదు.

దానికి కారణం మళ్లీ గగనతల దూరమే. దేవనహళ్లి విమానాశ్రయాన్ని నిర్మించిన సంస్థతో కేంద్ర ప్రభుత్వం 2004 జూలైలో కుదుర్చుకొన్న ఒప్పందంలో ఒక షరతు ఉన్నది. ఆ విమానాశ్రయం తెరచిన నాటి నుండి 25 సంవత్సరాల వరకు, దానికి 150 కి.మీ. గగనతల దూరం లోపల మరొక అంతర్జాతీయ విమానాశ్రయాన్ని అనుమతించరాదు. మైసూరు, హాసన్‌లకు మినహాయింపు ఇచ్చారు. హోసూరుకు ఇవ్వలేదు. 2008 మే 24న తెరచినారు గనుక గడువు 2033 మే నెల వరకు. 2022లో పార్లమెంటులో హోసూరు గురించి అడిగినప్పుడు కేంద్రం ఈ షరతునే చూపించింది.

షరతులో రోడ్డు దూరం అని గాక గగనతల దూరం అని ఉండడమే మన పాలిట ముఖ్యం. హోసూరు 52, కుప్పం 87, కృష్ణగిరి 93 కి.మీ. అన్నీ వలయం లోపలివే. సేలం విమానాశ్రయం సుమారు 162 కి.మీ., వలయం బయట. ఎదురుగా నగరం ఉన్నదా, చేరడానికి నాలుగు గంటలు పడుతుందా అన్నది వలయానికి పట్టదు. ప్రయాణికుడు గంటలలో బాధపడుతుంటే ఒప్పందం కిలోమీటర్లలో మాట్లాడుతుంది.

ఇటువంటి వలయం శంషాబాదు చుట్టూ కూడా ఉన్నది. వరంగల్ సమీపంలోని మామునూరు విమానాశ్రయం దానికి 145 కి.మీ. ప్రాంతంలో, అంచు లోపలనే పడింది. హైదరాబాదు విమానాశ్రయ సంస్థ తన అభ్యంతరం లేదని తెలిపిన తరువాత 2025 ఫిబ్రవరిలో కేంద్రం మామునూరుకు అనుమతి ఇచ్చింది. అనగా గడువు తీరకముందు కూడా సమ్మతితో తలుపు తెరుచుకోవచ్చును. అయితే మామునూరు వలయం అంచున ఉన్నది, హోసూరు నడుమకు దగ్గరగా ఉన్నది. రెండింటినీ ఒకే త్రాసులో తూచలేము.

2024 జూన్ 27న తమిళనాడు ముఖ్యమంత్రిగా ఎం.కె. స్టాలిన్ శాసనసభలో హోసూరు విమానాశ్రయాన్ని ప్రకటించారు. 2,000 ఎకరాలు, ఏటా 3 కోట్ల మంది ప్రయాణికులు అన్నది ఆ ప్రకటన. తరువాత బేరికె, బాగలూరుల మధ్య స్థలం పేరు వినవచ్చింది. ఒప్పందపు వలయం ఒకటైతే, ఈ ప్రాంతపు గగనతలం హెచ్.ఏ.ఎల్. నియంత్రణ కిందిది గనుక రక్షణ శాఖ సమ్మతి మరొకటి. ఆ రెండూ లేనిదే రన్‌వే పని మొదలు కాదు.

బేరికె, బాగలూరు చుట్టూ ఉన్నవి గులాబీ తోటలు, కూరగాయల మడులు. అక్కడి రైతులలో తెలుగువారు అనేకులు. విమానాశ్రయం వస్తే హోసూరు వారికి దేవనహళ్లి ప్రయాణంలో రెండు గంటలు మిగులుతాయి. ఆ రెండు గంటలకు 2,000 ఎకరాలు వెల. ఏడాదికి ఒకసారి విమానం ఎక్కే ఇంటికీ, ఏడాది పొడవునా ఆ మడిలో పంట తీసే ఇంటికీ ఈ బేరం ఒకేలా కనిపించదు. భూమి గలవారు పత్రాలు, సర్వే నంబర్లు సరిచూసుకొని ఉంచుకోవడం ఇప్పుడే చేయవలసిన పని.

ఇదే సమయంలో కర్ణాటక ప్రభుత్వం బెంగళూరుకు రెండవ విమానాశ్రయం కోసం మూడు స్థలాలను ఎంచి 2025లో కేంద్ర విమానాశ్రయాల సంస్థకు చూపింది. ఒకటి నేలమంగల, కుణిగల్ రోడ్డున, రెండు కనకపుర రోడ్డున ఉన్నాయి. కనకపుర రోడ్డు స్థలం ఖాయమైతే తళి గ్రామాలకు గగనతల దూరం సుమారు 25 కి.మీ., హోసూరుకు 35 కి.మీ. అవుతుంది. తళి నుండి దేవనహళ్లికి ఆ దూరం 68 కి.మీ.